లోగో లేని పాత అకౌస్టిక్, ఫ్రెట్‌బోర్డు చివర పికప్: ఇది ఎవరు చేసింది?

రెండో_ఫ్రెట్

ఒక పాత గిటారు చేతికొచ్చింది, ఎవరు చేసిందో అంతు చిక్కట్లేదు. తెలిసినాయన ఒకరు ఇల్లు మారుతూ "వాయించేవాడివి నువ్వే కదా, పట్టుకుపో" అన్నారు. ఆయనకీ ఇంకెవరో ఇచ్చిందేనట, అంతకు మించి వివరం లేదు.

పెద్ద బాడీ. భుజాలు జారుగా, గుండ్రంగా ఉంటాయి. కట్‌అవే (నెక్ పక్కన బాడీకి కోసే వంపు) లేదు. పైచెక్కకి రంగు వెయ్యలేదు, వయసు మీద తేనె రంగుకి తిరిగింది. వెనక, పక్కలు మహాగనిలా ఉన్నాయి. ఇంతవరకూ మామూలే. ఫ్రెట్‌బోర్డు అయిపోయే చోట, సౌండ్‌హోల్ అంచుని ఆనుకుని రేకు మూత వేసిన పికప్ (తీగల మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఉంది. పైచెక్క మీదే రెండు నాబ్‌లు, జాక్ పక్కన. హెడ్‌స్టాక్ మీద పేరు లేదు, రెండు చిన్న మేకు రంధ్రాలున్నాయి. లోపల లేబుల్ లేదు. ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) మూత ఎక్కడా కనిపించలేదు. నెక్ 14వ ఫ్రెట్ దగ్గర బాడీని కలుస్తుంది.

అన్నిటికన్నా వింత నెక్ హీల్, అంటే నెక్ వెనక బాడీని కలిసే మడమ. ఉండాల్సినంత లావు లేదు, చెక్కేసినట్టు పల్చగా ఉంది, అక్కడే ఒక పెద్ద స్క్రూ తల కనిపిస్తోంది. పుట్టుకతోనే అలా ఉందా, మధ్యలో ఎవరైనా బిగించారా?

ఫొటోలు పగటి వెలుతురులో తీసి పెడతా.

జాజ్‌బాబు

గిబ్సన్ జె-160ఇ. 1962లో బీటిల్స్ లెన్నన్, హారిసన్ చెరొకటి తీసుకున్న మోడల్. ఫ్రెట్‌బోర్డు చివర పికప్, పైచెక్క మీద రెండు నాబ్‌లు, జారు భుజాలు, ఇంకేం కావాలి? లోగో ఊడిపోయి ఉంటుంది. నక్కతోక తొక్కావు బాసూ.

చెక్కపురుగు

160ఇ నెక్ 15వ ఫ్రెట్ దగ్గర కలుస్తుంది. ఆయన 14 అంటున్నాడు. పైగా గిబ్సన్ హెడ్‌స్టాక్ మీద గంట ఆకారం ట్రస్ రాడ్ మూత లేకుండా ఉండదు. ఆ స్క్రూ సంగతి సరే సరి.

జాజ్‌బాబు

లెక్క తప్పి ఉంటుంది.

రెండో_ఫ్రెట్

చుక్కలు చూసి, ఫ్రెట్లు చేత్తో తడిమి మరీ లెక్కపెట్టా. పద్నాలుగే.

ఈ_మైనర్

ఆ పేరు పెట్టుకుని పద్నాలుగో ఫ్రెట్ దాకా వెళ్ళావా, గ్రేట్.

పాతసామాన్లు

నా ఓటు షికాగోకి. ఆ రోజుల్లో అక్కడ హార్మొనీ, కే, రీగల్ లాంటి ఫ్యాక్టరీలు గిటార్లు గుట్టలుగా చేసి పోస్ట్ ఆర్డర్ కంపెనీలకి ఇచ్చేవి. ఆ కంపెనీలు తమ పేరు తగిలించుకునేవి. సియర్స్ వాళ్ళవి సిల్వర్‌టోన్, మాంట్‌గోమరీ వార్డ్ వాళ్ళవి ఎయిర్‌లైన్, స్పీగెల్ వాళ్ళవి ఓల్డ్ క్రాఫ్ట్స్‌మన్. కాబట్టి హెడ్‌స్టాక్ మీద ఏ పేరున్నా అది చేసినవాడి పేరనుకోకూడదు. పేరు లేకపోవడం ఒకరకంగా నయమే, కనీసం తప్పుదారి పట్టించదు.

లోపల వెనకచెక్క మీద సిరా ముద్ర ఉందేమో చూడండి. అంకెలు, మధ్యలో ఇంగ్లీషు హెచ్ అక్షరం, మళ్ళీ అంకెలు ఉంటే హార్మొనీ. హెచ్ తర్వాతిది మోడల్ నంబరు. ఇంకోచోట ఎఫ్ గానీ ఎస్ గానీ వేసి పక్కన రెండంకెల సంవత్సరం కూడా ముద్ర కొట్టేవాళ్ళు. మసకబారి ఉంటుంది, టార్చి ఏటవాలుగా వెయ్యండి, నిటారుగా వేస్తే కనపడదు.

పిక్_పోయింది

ఫెండర్ అవ్వచ్చు కదా? వాళ్ళ అకౌస్టిక్‌లకి నెక్ స్క్రూలతోనే బిగిస్తారు.

చెక్కపురుగు

అరవైల ఫెండర్లకి వెనక నాలుగు స్క్రూల ప్లేటు ఉంటుంది, ఒక్క స్క్రూ కాదు. హెడ్‌స్టాక్‌కి ఆరు కీలూ ఒకే వైపు. లోపల చాలావాటికి బాడీ పొడవునా అల్యూమినియం గొట్టం కూడా ఉంటుంది. ఇవన్నీ ఉంటే ఆయన మొదటి పోస్టులోనే రాసేవాడు.

కరెంటుపిట్ట

అమెరికా దాకా వెళ్ళేముందు యూరప్‌ని వదిలెయ్యకండి. జర్మనీ, చెకొస్లొవేకియా, ఇటలీ, స్వీడన్, హాలండ్ అన్నిచోట్లా యాభైల నుంచే ఇలాంటివి చేశారు. హాఫ్‌నర్, ఫ్రామస్, హోయర్, ఎకో, లెవిన్, ఎగ్మండ్... చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

జాక్ ఎలాంటిదో చెప్పండి. మామూలు పావు అంగుళం జాకా, లేక గుండ్రటి చట్రంలో చిన్న చిన్న పిన్‌లు దూరే డిన్ సాకెట్టా? తూర్పు జర్మనీ, చెక్ గిటార్లలో డిన్ ఎక్కువ. తర్వాత నాబ్ ఊడదీసి లోపలి కడ్డీ కొలవండి. 6 మిల్లీమీటర్లుంటే యూరప్ లేదా జపాన్. 6.35 అంటే అమెరికా అంగుళం లెక్క. కొలిచేది కాలిపర్‌తో, స్కేలుతో కాదు. గిటారుకి పేరు మార్చి అమ్మేవాడు కూడా కడ్డీ జోలికి పోడు.

నా దగ్గర ఒక ఫ్రామస్ ఉంది. దాని నంబరు చివర రెండంకెలూ ఒక అక్షరం ఉంటాయి. అంకెలు సంవత్సరం, అక్షరం నెల, ఏ నుంచి ఎల్ దాకా. నాది 63 ఎల్, అంటే 1963 డిసెంబరు. అంత మర్యాదగా పుట్టినరోజు చెప్పే గిటార్లు ఎన్నుంటాయి చెప్పండి.

ఈ_మైనర్

మా వాడి గిటారుకి పుట్టినరోజు తెలుసు, ట్యూనింగే తెలీదు.

బారె_కార్డు

ఎవరిదైతే ఏంటి. నా సలహా: ఆ పాత పికప్ పీకేసి, బ్రిడ్జి (తీగల చివరలు పట్టే చెక్క) కింద మంచి పీజో (కంపనాన్ని పట్టే పికప్) పెట్టించు. స్క్రూ ఉన్న చోట చెక్క పూసి పాలిష్ చేయించు. వాయించుకోవడానికే కదా గిటారు.

చెక్కపురుగు

రెండో_ఫ్రెట్ గారూ, పై సలహా చదవనట్టే వదిలెయ్యండి. అది ఏంటో తేలేదాకా స్క్రూ డ్రైవరు కూడా దగ్గర పెట్టుకోవద్దు. కరెంటుపిట్ట చెప్పినట్టు నాబ్ ఊడదియ్యాలంటే గుడ్డ చుట్టి నిటారుగా లాగండి. కింద చెంచా పెట్టి మీటితే పైచెక్కకి సొట్ట పడుతుంది.

బారె_కార్డు

మ్యూజియం పెడతారా ఏంటి?

మెట్రోనోమ్ (నిర్వాహకులు)

సలహా నచ్చకపోతే కారణం చెప్పండి, వెక్కిరింపులు వద్దు. ఇద్దరికీ.

రెండో_ఫ్రెట్

ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టా. అడిగినవాటికి జవాబులు ఇక్కడ.

జాక్ మామూలు పావు అంగుళమే. కడ్డీ 6.35. లోపల హెచ్ ముద్ర లేదు, వెనకచెక్క అంతా వెతికా, టార్చి ఏటవాలుగానే వేశా.

ఫోను లోపలికి దించి తీస్తే పైచెక్క కింద పట్టీలు ఎక్స్ ఆకారంలో అడ్డంగా దాటుకుంటూ ఉన్నాయి. సౌండ్‌హోల్ అంచులో చూస్తే పైనున్న గీతలే కిందిదాకా దిగుతున్నాయి, పొరలు కనపడలేదు.

బ్రిడ్జికి పొట్ట (ఒక అంచు వంపుగా ముందుకి రావడం) ఉంది, అది సౌండ్‌హోల్ వైపుకి తిరిగి ఉంది. దాని మీద రెండు ముత్యపు చుక్కలు. బాడీ అత్యంత వెడల్పు దగ్గర 16 అంగుళాలు.

హెడ్‌స్టాక్ వెనక ఒక చిన్న రేకు బిళ్ళ, దాని మీద నంబరు. మొదట ఇంగ్లీషు ఎక్స్, తర్వాత 46 వేల చిల్లర. ముందువైపు మేకు రంధ్రాల చుట్టూ పాలిష్ కాస్త వేరే రంగులో ఉంది. ఏటవాలు వెలుగులో చూస్తే డాలు ఆకారం లాంటిది తెలుస్తోంది.

జాజ్‌బాబు

ఎక్స్! నేను చెప్పలేదా? యాభైల్లో గిబ్సన్ ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్లకి ముందు అక్షరం ఉండేది. జెడ్ అంటే 1952, వై 53, ఎక్స్ 54. 160ఇ వచ్చిందీ 1954లోనే. కేసు క్లోజ్.

చెక్కపురుగు

అక్షరాల లెక్క కరెక్టే. జెడ్ నుంచి వెనక్కి నడిచి 1961లో క్యూ దగ్గర ఆగుతుంది. కానీ ఆ నంబరు బాడీ లోపల, నెక్ బ్లాక్ మీద సిరాతో కొట్టింది. హెడ్‌స్టాక్ వెనక రేకు బిళ్ళ మీద కాదు. పైగా అక్షరం తర్వాత నాలుగంకెలే ఉంటాయి, ఇక్కడ ఐదున్నాయి.

ఇంకో మాట. 160ఇ పైచెక్క ప్లైవుడ్, పట్టీలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. ఇక్కడ పైచెక్క ఒకే పలక, పట్టీలు ఎక్స్. మూడు విషయాల్లోనూ 160ఇ కాదు.

అయితే నన్ను తికమక పెడుతున్నది వేరే. ఎక్స్ పట్టీలు, పొట్ట పైకి తిరిగిన బ్రిడ్జి, బోల్టు తలల్ని కప్పే రెండు ముత్యపు చుక్కలు, 16 అంగుళాల జారు భుజాలు, ఇవన్నీ గిబ్సన్ వాళ్ళ కలమజూ ఫ్యాక్టరీ అలవాట్లే. మార్టిన్ వాళ్ళ బ్రిడ్జి పొట్ట కిందికి తిరుగుతుంది. బాడీ వరకు చూస్తే అచ్చం గిబ్సన్ జె-50. నెక్ చూస్తే అస్సలు గిబ్సన్ కాదు. ఎవరో వేరే నెక్ తగిలించారనుకుందామా అంటే ఆ పని చాలా శుభ్రంగా ఉంది, అతుకు దగ్గర పాలిష్ చెదరలేదు.

పాతసామాన్లు

కే వాళ్ళ నెక్ కాదు కదా? యాభైల చివర్లో కే హెడ్‌స్టాక్‌ని జనం కెల్వినేటర్ అని పిలిచేవాళ్ళు, ఆ కాలం ఫ్రిజ్ తలుపు మీది బొమ్మలా ఉంటుందని. ఫొటోలో ఇది సాదాగా ఉంది, అదయితే కాదు.

ఈ_మైనర్

ఫ్రిజ్ గిటారు ఉందని ఇవాళే తెలిసింది. చల్లగా వాయించుకోవచ్చు.

నిదానం_1

ఫొటోలు పెద్దవి చేసి చూశాక రాస్తున్నా. జాజ్‌బాబు, చెక్కపురుగు ఇద్దరూ చెప్పింది కలిపితే జవాబు వస్తుంది. బాడీ గిబ్సన్ చేసింది. గిటారు గిబ్సన్‌ది కాదు. ఇది నేషనల్ 1155ఇ.

నేషనల్ అనగానే అందరికీ రేకు బాడీ రెజొనేటర్లే (లోపలి లోహపు శంకువుతో మోగే గిటార్లు) గుర్తొస్తాయి. ఆ కంపెనీయే 1940ల మొదట్లో వాల్కోగా మారింది. విక్టర్ స్మిత్, ఆల్ ఫ్రాస్ట్, లూయీ డోపియెరా ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఆ పేరు. షికాగోలో ఉండేది. నేషనల్, సుప్రో పేర్లతో తమవీ, ఎయిర్‌లైన్ లాంటి పేర్లతో ఇతరులవీ చేసేవాళ్ళు. వాళ్ళకి ఎలక్ట్రిక్ పని బాగా వచ్చు: పికప్‌లు, ఆంప్లిఫయర్లు, లాప్ స్టీల్‌లు (ఒళ్ళో పెట్టుకుని వాయించే గిటార్లు). మంచి అకౌస్టిక్ బాడీ చెయ్యడం మాత్రం వాళ్ళ బలం కాదు. అందుకని యుద్ధం తర్వాత బాడీలు గిబ్సన్ దగ్గర కొన్నారు. కొన్ని ఆర్చ్‌టాప్‌లకి (పైచెక్క ఉబ్బెత్తుగా ఉండేవి) గిబ్సన్ ఆర్చ్‌టాప్ బాడీలు, ఈ ఫ్లాట్‌టాప్‌కి (పైచెక్క చదునుగా ఉండేది) జె-50 బాడీ. నెక్, పికప్, వైరింగ్ తమవి. నెక్‌ని గిబ్సన్‌లా డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు అతుకు) కోసి జిగురు పెట్టకుండా స్క్రూతో బిగించారు. హీల్ పల్చగా ఉండటం, అక్కడ స్క్రూ తల కనపడటం, పాలిష్ చెదరకపోవడం అన్నీ అందుకే. అది రిపేరు కాదు, ఫ్యాక్టరీ పనే.

ఇక నంబరు. హెడ్‌స్టాక్ వెనక బిళ్ళ కొట్టడం వాల్కో పద్ధతి. వాళ్ళకీ అక్షరం వరసలు ఉన్నాయి: నలభైల చివర్లో వి, తర్వాత ఎక్స్, యాభైల చివర్లో టి. 46 వేల చిల్లర ఎక్స్ వరసలో 1955 ప్రాంతంలో పడుతుంది. రెండు కంపెనీలూ ఇంచుమించు ఒకే కాలంలో ఎక్స్ వాడటం వల్ల ఇలా దారి తప్పడం మామూలే. అక్షరం కంటే ముందు అది ఎక్కడ కొట్టి ఉందో చూడాలి.

డాలు నీడ కూడా సరిపోతుంది. నేషనల్ బ్యాడ్జి డాలు ఆకారంలోనే ఉండేది. బ్యాడ్జి కింద వెలుగు తగలని పాలిష్ రంగు మారదు, అందుకే నీడ మిగిలింది.

1155 నలభైల చివర్లో మొదలై అరవైల మొదటిదాకా నడిచింది. చివర ఇ ఉంటే పికప్ ఉన్నది.

చెక్కపురుగు

నెక్ అతుకు దగ్గర నా తికమక తీరింది. ట్రస్ రాడ్ మూత లేకపోవడం కూడా అర్థమైంది.

జాజ్‌బాబు

అంటే బాడీ గిబ్సన్‌దేగా. నేను సగం చెప్పేశా.

ఈ_మైనర్

15 ఫ్రెట్లలో ఏడున్నర నీ ఖాతాలో.

పాతసామాన్లు

నిదానం_1 గారూ, ఒక్క అనుమానం. బిళ్ళ తర్వాత ఎవరైనా కొట్టి ఉండొచ్చు కదా? వేరే సుప్రో నుంచి మొత్తం నెక్ తెచ్చి జె-50 బాడీకి బిగించినా ఇలాగే కనపడుతుంది. పాత సామాను గుట్టల్లో ఇలాంటి సంకరాలు చాలా చూశా. ఒకదానికి మూడు కంపెనీల భాగాలున్నాయి, అమ్మేవాడు మూడు పేర్లూ కలిపి చెప్పాడు.

నిదానం_1

అడగాల్సిన ప్రశ్నే. అలా జరిగి ఉంటే బాడీలో డవ్‌టెయిల్ గాడి పూడ్చిన గుర్తు, నాబ్‌ల కోసం తర్వాత వేసిన రంధ్రాల్లో పచ్చి చెక్క, అతుకు దగ్గర పాలిష్ గీతలు, ఏదో ఒకటి దొరుకుతుంది. లోపలి నుంచి నెక్ బ్లాక్ ఫొటో ఒకటి, నాబ్‌ల కింద పాట్‌ల (నాబ్ తిప్పితే సౌండు మార్చే భాగాలు) వెనకవైపు ఫొటో ఒకటి కావాలి.

కరెంటుపిట్ట

పాట్‌ల వెనక అంకెలుంటాయి, అవే ముఖ్యం. మొదటి మూడు అంకెలు చేసినవాడి కోడ్: 137 అయితే సీటీఎస్, 304 స్టాక్‌పోల్, 134 సెంట్రలాబ్. చివరి రెండూ వారం. మధ్యలో మిగిలినవి సంవత్సరం. యాభైల్లో సంవత్సరానికి ఒక్క అంకే ఉండేది చాలాసార్లు, తర్వాత రెండయ్యాయి. లోపలికి చిన్న అద్దం దించి చూడండి. అద్దంలో అంకెలు తిరగబడతాయి, ఫొటో తీసి తిప్పుకోండి.

ఇది పాట్ తయారైన తేదీ. గిటారు అంతకంటే ముందుది కాలేదు, తర్వాతది ఎంతయినా కావచ్చు. పాట్ మార్చి ఉంటే ఆ మాటా చెల్లదు. సోల్డరింగ్ ఎలా ఉందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పాత అతుకు మందంగా, మసకగా ఉంటుంది. మళ్ళీ కాల్చినది మెరుస్తూ, పక్కన ఫ్లక్స్ మరక వదులుతుంది.

పిక్_పోయింది

నెక్ లోపల ఉక్కు కడ్డీ ఉందో లేదో అయస్కాంతంతో తెలుసుకోవచ్చు అని ఎక్కడో చదివా.

రెండో_ఫ్రెట్

పెట్టి చూశా. అంటుకోలేదు, లాగినట్టు కూడా లేదు.

నిదానం_1

అంటుకోకపోతే ఏమీ తేలదు. వాల్కో వాళ్ళు కొన్ని నెక్‌ల లోపల మెగ్నీషియం పెట్టారు. దాన్ని అయస్కాంతం లాగదు. ఉక్కు ఉన్నా లోతుగా ఉంటే చిన్న అయస్కాంతానికి అందదు. ఆ పరీక్ష వదిలెయ్యండి.

కరెంటుపిట్ట

అయస్కాంతాన్ని పికప్ దగ్గరికి తీసుకెళ్ళలేదు కదా? పాత పికప్‌లలో అయస్కాంతాలు అంత గట్టివి కావు. ఇప్పటి చిన్న నియోడిమియం బిళ్ళ దగ్గరికొస్తే వాటి బలం దెబ్బతింటుంది.

రెండో_ఫ్రెట్

నెక్ మధ్యలోనే పెట్టా, ఫ్రిజ్ మీది స్టిక్కర్ అయస్కాంతం అది.

ఈ_మైనర్

మళ్ళీ ఫ్రిజ్.

రెండో_ఫ్రెట్

అద్దం పని అయింది. రెండు పాట్‌లకీ ఒకటే అంకెలు: 304521. వైర్లకి గుడ్డ తొడుగు. అతుకులు మందంగా, మసకగా ఉన్నాయి, మెరుపు లేదు. నాబ్ రంధ్రాల అంచులు లోపల కూడా చెక్క మిగతా భాగం ఎంత నల్లబడిందో అంతే ఉన్నాయి. నెక్ బ్లాక్‌లో పూడ్చిన గాడి ఏమీ కనపడలేదు. ముద్ర కూడా లేదు.

కరెంటుపిట్ట

స్టాక్‌పోల్, 5తో ముగిసే సంవత్సరం, 21వ వారం. 1965 అయితే ఈపాటికి రెండంకెలుండాలి. 1945లో ఇలాంటి గిటారు ఊసే లేదు. 1955 మే నెల చివర అనుకోండి. రెండు పాట్‌లకీ ఒకే కోడ్, ముట్టని సోల్డరు, బిళ్ళ నంబరూ ఆ ఏడాదినే చూపిస్తోంది. ఇన్ని ఒకదానికొకటి సరిపోయాక సంకరం అనడానికి నాకు నోరు రావట్లేదు.

పాతసామాన్లు

నాకూ రావట్లేదు. ఒప్పుకున్నా, 1155ఇ.

జాజ్‌బాబు

ఇంతకీ గిబ్సన్ వాళ్ళు తమ పోటీదారుకి బాడీలు ఎందుకు అమ్మారు? నాకు అదే మింగుడుపడట్లేదు.

నిదానం_1

1155 మొదలైన నాటికి పికప్ ఉన్న ఫ్లాట్‌టాప్ గిబ్సన్‌కే లేదు. వాళ్ళ సీఎఫ్-100ఇ వచ్చింది యాభైల మొదట్లో, 160ఇ 1954లో. ఫ్యాక్టరీ నడుస్తూ ఉండాలంటే బయటి ఆర్డర్లు తీసుకోవడం ఆ పరిశ్రమలో పాత అలవాటు. బాడీ అమ్మితే డబ్బు, హెడ్‌స్టాక్ మీద పేరు ఇంకొకరిది. ఎవరికీ నష్టం లేదు.

రెండో_ఫ్రెట్

చిన్న ఆంప్‌కి పెట్టి చూశా. బాగానే పలుకుతోంది, కానీ సౌండు కాస్త పెంచగానే ఊళ వేస్తోంది. ఇంకోటి, కింది రెండు తీగలు చెవులు చిల్లులు పడేంత గట్టిగా, పైవి నాలుగూ నీరసంగా ఉన్నాయి. పికప్ పాడైందా?

చెక్కపురుగు

ఊళ సహజం. మంచి పలచటి స్ప్రూస్ పలక, ఎక్స్ పట్టీలు. గదిలో ఏ శబ్దమైనా అది ఊగుతుంది, పికప్ మళ్ళీ దాన్నే పట్టుకుంటుంది. గిబ్సన్ 160ఇకి ప్లైవుడ్, నిచ్చెన పట్టీలు పెట్టింది పిసినారితనం కాదు, ఈ ఊళ ఆపడానికే. అందుకే 160ఇ ఆంప్ లేకుండా వాయిస్తే మూగగా ఉంటుంది. మీది అకౌస్టిక్‌గానే మోగిపోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే ఏ కాలంలోనూ కుదరలేదు. ఆంప్‌కి ఎదురుగా నిలబడకుండా పక్కకి తిరగండి, సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టుకోండి, చాలావరకు తగ్గుతుంది.

కరెంటుపిట్ట

తీగల సంగతి నేను చెప్తా. ఇప్పుడు వేసింది బ్రాంజ్ కదా? అది అయస్కాంతం పికప్. దానికి కావాల్సింది అయస్కాంతం లాగే లోహం. బ్రాంజ్ చుట్టు దానికి కనపడదు, లోపలి సన్నటి ఉక్కు తీగ ఒక్కటే తెలుస్తుంది. చుట్టు లేని కింది రెండు తీగలు పూర్తిగా ఉక్కే, అందుకే అరుస్తున్నాయి. పికప్ బాగానే ఉంది. నికెల్ చుట్టు ఉన్న సెట్ వెయ్యండి, మూడో తీగ కూడా చుట్టు ఉన్నదే తీసుకోండి. లేకపోతే అదీ అరుస్తుంది.

బారె_కార్డు

నేను మొదట్నుంచీ అంటున్నదే. పీజో పెట్టుంటే బ్రాంజ్ వేసుకుని హాయిగా వాయించేవాడు.

చెక్కపురుగు

పీజో పెట్టాలంటే బ్రిడ్జిలో రంధ్రం, పక్కన ఇంకో జాక్. 1955 నాటి పైచెక్కకి కొత్త రంధ్రం వేశాక మళ్ళీ పూడ్చలేం. అంతగా కావాలంటే లోపల బ్రిడ్జి ప్లేట్‌కి జిగురు టేపుతో అంటించే చిన్న ట్రాన్స్‌డ్యూసర్లున్నాయి, వైరు సౌండ్‌హోల్ లోంచి తెచ్చుకోవచ్చు. నచ్చకపోతే పీకెయ్యొచ్చు. ఇంతకంటే నాకు అభ్యంతరం లేదు.

బారె_కార్డు

అదైనా ముందే చెప్పొచ్చుగా.

పిక్_పోయింది

మార్టిన్ వాళ్ళు కూడా ఇలా పికప్ పెట్టి చేశారు కదా, నిర్వాణ బ్యాండ్ కర్ట్ కోబెయిన్ వాయించింది?

నిదానం_1

డి-18ఇ. 1959 నాటిది, పైచెక్కకి రంధ్రాలు కోసి డీఆర్మండ్ పికప్‌లు పెట్టారు. ఎక్కువ కాలం చెయ్యలేదు. ఆయన 1993లో టీవీ కచేరీలో వాయించిన ఆ గిటారే 2020లో వేలంలో 60 లక్షల డాలర్లకి పోయింది. ఆయన దానికి ఇంకో పికప్ తగిలించుకున్నాడు కూడా.

బారె_కార్డు

చూశారా. తగిలించుకుంటే విలువ పెరుగుతుంది.

ఈ_మైనర్

ముందు కోబెయిన్ అవ్వాలి బారె గారూ, తర్వాత పికప్.

రెండో_ఫ్రెట్

ఇంకో విషయం. నేను కొన్నాళ్ళలో వేరే దేశం వెళ్ళాల్సి ఉంది. దీన్ని తీసుకెళ్ళడంలో ఇబ్బంది ఏమైనా ఉందా?

పాతసామాన్లు

ఉంది. ఫ్రెట్‌బోర్డు, బ్రిడ్జి రోజ్‌వుడ్ కదా. ఆ కాలంలో అమెరికా ఫ్యాక్టరీలు వాడింది ఎక్కువగా బ్రెజిల్ రోజ్‌వుడ్. అది 1992 నుంచి సైటిస్ (అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందం మొదటి పట్టికలో ఉంది, అన్నిటికంటే కఠినమైన పట్టిక అది. మామూలు రోజ్‌వుడ్‌లకి వాయిద్యాల విషయంలో 2019లో సడలింపు వచ్చింది, బ్రెజిల్ దానికి రాలేదు. సరిహద్దు దాటించేముందు రెండు దేశాల అనుమతి కాగితాల సంగతి కనుక్కోండి. వాయిద్యం వయసు చూపించడానికి పాట్ కోడ్, బిళ్ళ నంబరు ఫొటోలు పనికొస్తాయి, జాగ్రత్తగా దాచండి. కాగితాలు లేకుండా దొరికితే గిటారు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

చెక్కపురుగు

అది బ్రెజిల్ రోజ్‌వుడ్ అవునా కాదా అనేది ఫొటో చూసి నేను చెప్పను. తెలిసినవాళ్ళకి చేత్తో చూపించండి.

రెండో_ఫ్రెట్

సరే, ఇక్కడే తెలిసినవాళ్ళ దగ్గర వదిలి వెళ్ళడమే నయంలా ఉంది. వదిలేటప్పుడు తీగలు పూర్తిగా వదులు చెయ్యాలా?

చెక్కపురుగు

పూర్తిగా వద్దు. ఒక స్వరం, రెండు స్వరాలు కిందికి దించితే చాలు. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోమనండి. బాగా ఎండితే పైచెక్క పగులుతుంది, తేమ ఎక్కువైతే పట్టీల జిగురు వదులుతుంది.

రెండో_ఫ్రెట్

నికెల్ సెట్ వేశా, 12 (సన్న తీగ మందం 0.012 అంగుళం) నుంచి మొదలయ్యేది, మూడోది చుట్టు ఉన్నదే. ఆంప్‌లో ఆరు తీగలూ సమానంగా వస్తున్నాయి. ఆంప్ లేకుండా వాయిస్తే మాత్రం బ్రాంజ్‌కి ఉన్న మెరుపు లేదు, కాస్త పొడిగా ఉంది. పాత రికార్డుల్లో రిథమ్ గిటారులా, నాకు నచ్చింది. ఒకటి అడగాలి. తీగలు 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తుగా ఉన్నాయి. ఆ స్క్రూ బిగిస్తే నెక్ కోణం మారి కిందికి దిగుతాయా?

నిదానం_1

ముందు తీగలు వదులు చెయ్యండి. నెక్ చేత్తో పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. అతుకు దగ్గర ఏమాత్రం కదిలినా స్క్రూ వదులైనట్టు, అప్పుడు కదలిక పోయేదాకా మాత్రం బిగించొచ్చు. కదలకపోతే స్క్రూ జోలికి వెళ్ళకండి. కోణం మార్చాలంటే నెక్ దించి, అతుకులో పల్చటి చెక్క పొర పెట్టాలి. బిగుతు పెంచితే కోణం మారదు, హీల్ పగులుతుంది.

రెండో_ఫ్రెట్

కదలట్లేదు.

చెక్కపురుగు

అయితే బ్రిడ్జి వెనక పైచెక్క ఉబ్బిందేమో చూడండి. తిన్నటి స్కేలు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా ఎంత ఖాళీ వస్తుందో కొలిచి పెట్టండి. లోపల బ్రిడ్జి ప్లేట్ ఫొటో కూడా కావాలి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.